పది రూపాయల నూనె



గత నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములోని ఒక సహోదరి వెనుక నిలిచియుండి, అందరును వెళ్లిన పిమ్మట నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, పాలెంలో కొట్టు ఉండంగా టౌనుకు పోయి సరుకులు తెచ్చుకుంటే పాపమా?” అని అడిగెను.

ఇట్టి ప్రశ్న నన్ను వేదాంత పాఠశాలలో ఎవరును అడుగలేదు. త్రిత్వమును గూర్చి అడిగిరి, బాప్తిస్మమును గూర్చి అడిగిరి, కందిపప్పును గూర్చి అడుగలేదు. ఐనను ముప్పది సంవత్సరముల సేవలో నాకు తెలిసినదేమనగా, మన జనుల మనస్సాక్షి ఎక్కువగా కందిపప్పు దగ్గరనే పరీక్షింపబడుచున్నది.

ఆమె సంగతి ఇది. కుమారుడు హైదరాబాదులో పనిచేయుచు నెలనెలకు ఫోనుద్వారా డబ్బు పంపుచున్నాడు. అంతకు ముందు అనేక సంవత్సరములు ఆమె పాలెములోని చిన్నకొట్టునందే కొనుచుండెను, అదియు ఎక్కువగా అప్పుమీద. ఇప్పుడు నెలకొకసారి కురిచేడు స్టేషనులో రైలెక్కి వినుకొండకు పోయి, అక్కడి సూపర్‌మార్కెటులో నెల సరుకులు తెచ్చుకొనుచున్నది. రైలు ఖర్చు పోను రెండు మూడు వందలు మిగులుచున్నవట. కాని సంచులు మోసికొని కొట్టు ముందుగా నడచి వచ్చునప్పుడు, కొట్టు నడుపు విధవరాలు చూచి తల త్రిప్పుకొనెనట. “ఆమె ఏమీ అనలేదయ్యగారూ. ఏదన్నా అంటే బాగుండేది” అని చెప్పి కన్నులు తుడుచుకొనెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. అందుకు కారణము కలదు. క్రిందటి క్రిస్మసుకు ముందు నేనును నా భార్యయు ఒంగోలులో ఒక పెద్ద కొట్టునకు పోయి, సంఘపు ప్రేమవిందుకు కావలసిన నూనె, పప్పు, చక్కెర, జీడిపప్పు అన్నియు అక్కడనే కొంటిమి. తిరిగి వచ్చునప్పుడు ఆటోను పాలెము నడివీధిని రానియ్యక, చుట్టు త్రోవన రప్పించితిని. చీకటి పడువరకు సంచులు దింపలేదు. ధర తక్కువ దొరికినచోట కొనుట తప్పుకాదని ఆ దినమున నన్నెవరైన అడిగియుండిన గట్టిగా వాదించియుందును. అట్లయిన చుట్టు త్రోవ ఎందుకు? ఈ ప్రశ్నను నేను నాకు వేసికొనకుండ ఆ సహోదరి వచ్చువరకు దాటవేయుచు వచ్చితిని.

కావున ఈ సంగతిని మొదటినుండి ఆలోచింతము.

పాలెపు కొట్టు చేయు పని ఏమి? సాయంకాలము ఆరు గంటలకు వచ్చి చూడుడి. మిరపకాయ కోతకు పోయినవారు, ప్రత్తి తీయుటకు పోయినవారు కూలి డబ్బులు కొంగున కట్టుకొని వచ్చెదరు. ఒక పిల్ల చిన్న సీసా తెచ్చి పది రూపాయల నూనె పోయుమనును. మరియొకతె అయిదు రూపాయల చింతపండు, రెండు ఉల్లిగడ్డలు, ఒక టీపొడి పొట్లము అడుగును. కూలివాని జీతము ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని, వాడు బీదవాడు గనుక దానిమీదనే ఆశ పెట్టుకొని యుండునని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞను ఆసామి నెరవేర్చిన తరువాత ఆ కూలి అన్నముగా మారవలెను గదా? అది మారు స్థలము ఈ చిన్నకొట్టే. పెద్ద అంగడిలో నూనె లీటరు పొట్లములో నున్నది. పది రూపాయల నూనె అక్కడ లేదు. ఒక్క దినపు కూలితో బ్రదుకువానికి అక్కడి చవుక ధర కంటితో చూచుటకే గాని కొనుటకు కాదు. చవుకగా కొనవలెనన్నను ముందుగా చేతిలో కొంత సొమ్ము నిలువ యుండవలెను. లేనివాడు ప్రతిదినము కొంచెము కొంచెముగా కొని, కలవానికంటె ఎక్కువ ధర యిచ్చుచున్నాడు. బీదవానికి బ్రదుకుటకే ఖర్చు ఎక్కువ. ఇది నేను ఎన్ని ఇండ్లలో చూచితినో చెప్పలేను.

మరియు అప్పు కలదు. కొట్టమ్మ దగ్గర ఒక పొడుగాటి పుస్తకము కలదు, అంచులు చినిగి నూనె మరకలతో నున్నది. అందులో సగము పాలెము కలదు. వానలు లేక పనులు నిలిచిన నెలలలో, మగవారు బెంగుళూరుకో హైదరాబాదుకో వలసపోయి ఇంకను డబ్బు పంపని నెలలలో, ఆ పుస్తకమే ఇండ్లలో పొయ్యి వెలిగించినది. 2020 మార్చి ఆఖరున దేశమంతట రాకపోకలు ఆగి, రైళ్లు నిలిచిపోయినప్పుడు, ఇప్పుడు టౌనుకు పోవు మనమందరము ఎక్కడ కొంటిమి?

ఇంతవరకు వ్రాసి ముగించిన యెడల చిన్నకొట్టు దేవాలయమువంటిదనియు, పెద్ద అంగడి బబులోను వంటిదనియు మీరు తలంచెదరు. అది నిజము కాదు. కొందరు పట్టణపు రచయితలు పల్లెకొట్టును గూర్చి ప్రేమతో వ్రాయుచుందురు. వారు ఆ కొట్టు ముందు ఎక్కడ నిలిచియుండిరో నాకు తెలియగోరుచున్నాను.

ఏలయనగా మన పితరులు ఎక్కడ నిలిచిరో నాకు తెలియును. నా తండ్రిగారు చెప్పుచుండిరి: ఆయన బాల్యమున ఊరిలోని షాహుకారు కొట్టునకు పోయినప్పుడు అరుగు ఎక్కకూడదు. వీధిలో నిలిచి, డబ్బులు అరుగు అంచున పెట్టి వెనుకకు జరుగవలెను. షాహుకారు ఆ డబ్బులపై నీళ్లు చల్లి తీసికొనును. సరుకును ఎత్తునుండి వీరు పట్టిన గుడ్డలో వేయును. మట్టి కలిసినదా, పుచ్చినదా అని తాకి చూచుటకు వీలులేదు. తూకము కనబడదు. ఆ దినములలో మానిక, సోల, గిద్ద, వీశె అను కొలతలుండెను. 1956లో తూనికల చట్టము వచ్చి క్రమముగా కిలోలు అమలులోనికి వచ్చువరకు, ఏ ఊరి మానిక ఆ ఊరిదే. సంచిలో రెండు విధములైన రాళ్లు ఉంచుకొనకూడదని మోషే ధర్మశాస్త్రము చెప్పినది ఎందుకో మన పెద్దలకు ప్రసంగము లేకుండనే తెలియును. ఆమోసు ప్రవక్త గద్దించిన వర్తకులు, అనగా కొలపాత్రను చిన్నదిగా చేసి, గోధుమలతో చెత్తను కలిపి అమ్మినవారు, సమరియలో మాత్రమే బ్రదుకలేదు.

ఇప్పుడు మన బిడ్డ సూపర్‌మార్కెటుకు పోవుచున్నది. అద్దపు తలుపు త్రోసికొని లోనికి నడచును. నీ వెవతె వనియు, ఏ వాడ దాన వనియు ఎవరును అడుగరు. పప్పు పొట్లమును చేతితో తీసి, త్రిప్పి చూచి, నచ్చకున్న తిరిగి అక్కడనే పెట్టును. ధర పొట్లముమీద అచ్చు వేయబడియున్నది. దొరసానికైనను ఆమెకైనను ధర ఒక్కటే. ఈ విధముగా కొనువాడే సరుకు తీసికొను పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను కొట్టులో ప్రారంభించెను. అతడు గుమాస్తాల జీతము తగ్గించుటకే దానిని చేసెను, మన గౌరవము కొరకు చేయలేదు. ఐనను తన లాభముకొరకు ఒక వర్తకుడు చేసిన పని, సముద్రములు దాటి వచ్చి, మన పిల్ల చేతికి పప్పు పొట్లమును తాకు స్వాతంత్ర్యము నిచ్చెను. ఇట్టివి లోకములో జరుగుచుండును. ఆమె ఆ తలుపు త్రోయునప్పుడు పొందు సంతోషమును నేను పాపమని పిలువను. పిలిచిన యెడల నా తండ్రి నన్ను క్షమింపడు.

పెద్ద అంగడి చవుకగా అమ్ముటలో మాయ ఏమియు లేదు. అది మిల్లునుండి లారీలకొలది కొనును. కొట్టమ్మ పది పొట్లములు కొనును. ఒక్కొక్కప్పుడు ఆమెయు ఆ పెద్ద అంగడిలోనే కొని తెచ్చి మనకు అమ్మవలసి వచ్చుచున్నది. మన పొలములలోని కందులు మిల్లుకు పోయి, పప్పై, రంగుల పొట్లములో మనకే తిరిగివచ్చుచున్నవి. అక్కడ చక్కెర, నూనెవంటి జనులు ధర ఎరిగిన సరుకులను చవుకగా పెట్టి, ధర ఎరుగని వాటిమీద లాభము తీయుదురు. డబ్బు కట్టు బల్ల యొద్ద పిల్లల కంటికి అందునంత ఎత్తున మిఠాయిలు పెట్టుదురు. మన సహోదరిని నేను, “రెండు మూడు వందలు మిగిలినవి సరే, అక్కరలేనివి ఏమి కొంటివి?” అని అడుగగా, కొంచెము నవ్వి, “ఒక ప్లాస్టిక్ బుట్ట, బిస్కట్లు, ముఖానికి పూసుకునేదొకటి” అనెను. మిగిలిన సొమ్ము ఆ బుట్టలోనే యున్నది.

మన తెలుగుదేశములో ఈ అంగళ్లు నిన్న మొన్న వచ్చినవి కావు. హైదరాబాదులో త్రినేత్ర అను సంస్థ 1986లోనే ప్రారంభమయ్యెను. 2006లో రిలయన్సు ఫ్రెష్ మొదటి కొట్లు హైదరాబాదులోనే తెరువబడెను. చెన్నపట్టణములో 1997లో మొదలైన సుభిక్ష అను సంస్థ దేశమంతట వెయ్యికి పైగా కొట్లు పెట్టి, 2009లో చేతిలో రొక్కము లేక మూతపడెను. పెద్దది గనుక నిలుచునని ఎవరును తలంచవద్దు. పెద్ద అంగడి లాభము లేదని తలుపు మూసినప్పుడు మన ఊరివారిని అడిగి మూయదు. అప్పటికి చిన్నకొట్టు పోయియుండిన యెడల పది రూపాయల నూనె సీసాతో ఆ పిల్ల ఎక్కడికి పోవును?

ఇక్కడ మన ఊరి దుఃఖమును ఒకటి జ్ఞాపకము చేయవలసియున్నది. 2020 జూలై ఆఖరున, కరోనా కట్టుబాట్లవలన మద్యము కొట్లు మూతపడియుండగా, త్రాగుడునకు దాసులైన కొందరు చేతులు శుభ్రము చేసికొను శానిటైజరును త్రాగి, కొద్ది దినములలోనే మన కురిచేడులో పదిమందికి పైగా చనిపోయిరి. వార్తాపత్రికలు మన ఊరి పేరును దేశమంతట వేసెను. ఎవరిని నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. కాని అప్పటినుండి ఒక తలంపు నన్ను విడుచుట లేదు. కొనువాని ముఖము ఎరిగి అమ్మువానికి ఒక భారము కలదు. పెద్ద అంగడిలో ఒక మనుష్యుడు ఒకే వస్తువును పది సీసాలు తీసికొనినను యంత్రము బిల్లు వేయును, అంతే. ముఖము ఎరిగిన అంగడిలో, “ఇదెందుకన్నా నీకు?” అని అడుగుటకు నోరు కలదు. ఆ నోరు తెరువకపోయిన యెడల, ముఖము ఎరిగియుండుట వలన ప్రయోజనమేమి? చిన్నకొట్టు మంచిదని మనము చెప్పునప్పుడు దాని గొప్పతనమంతయు ఆ ఒక్క ప్రశ్నలో నున్నది. మన కొట్టమ్మ అట్టి ప్రశ్న అడుగును. పిల్లవాడు వచ్చి గుట్కా అడిగిన యెడల, “మీ అమ్మను రమ్మను” అని పంపివేయును. దీనికి లెక్కపుస్తకములో ధర లేదు. ఆమె నూనె లీటరుకు పది రూపాయలు ఎక్కువ తీసికొనుచున్నదని లెక్కవేయువారు దీనిని ఏ వరుసలో వేయుదురు?

అయితే ఆమెను గూర్చియు ఒక మాట చెప్పవలెను, ఆమె ఈ పత్రిక చదువునని ఎరిగియే చెప్పుచున్నాను. అప్పు తీసికొనువారికి ఒక ధర, రొక్కమునకు ఒక ధర అని పాలెములో అందరికిని తెలియును. ఆమె సొమ్ము నిలిచిపోవుచున్నది గనుక కొంత ఎక్కువ తీసికొనుట అన్యాయమని నేను అనను. ఆ సంగతి బాహాటముగా చెప్పి తీసికొనవలెను. చదువురానివాని లెక్కలో మెల్లగా చేర్చుట దొంగత్రాసుతో సమానమే. సామెతలు 11వ అధ్యాయములోని మొదటి మాట పెద్ద వర్తకులకు వ్రాయబడినది కాదు. త్రాసు ఎవరి చేతిలో నున్నదో వారికే వ్రాయబడినది. అదే గ్రంథములో 20వ అధ్యాయమున కొనువాని సంగతియు కలదు: కొనునప్పుడు సరుకు బాగులేదు బాగులేదని అని, తీసికొనిపోయిన తరువాత తన బేరమును గూర్చి అతిశయపడువాడు. మనలో అట్టివారు కొదువలేరు.

బీదలు ఈ రెంటి మధ్య నలిగిపోక మరియొక మార్గము కనుగొనిన సంగతి ఒకటి కలదు. ఇంగ్లాండులో రాచ్‌డేల్ అను ఊరిలో కొందరు నేతపనివారుగా నున్న ఇరువది యెనిమిదిమంది, ఒక్కొక్కరు ఒక పౌను చొప్పున కూడబెట్టి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అను సందులో ఒక కొట్టు తెరచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి, కొన్ని క్రొవ్వువత్తులు: సరుకు అంతే. ఆ కాలమున అక్కడి కొట్లలో కల్తీ విస్తారముగా నుండెను, పనివారు అప్పులలో మునిగియుండిరి. వీరు కల్తీలేని సరుకు, నిండు తూకము అని నియమము పెట్టుకొనిరి. లాభమును ఎవరు ఎంత కొనిరో అంతకు తగినట్లు పంచుకొనిరి. మరియు అప్పు ఇయ్యమని నిర్ణయించుకొనిరి. ఈ చివరి నియమము మనకు కఠినముగా తోచును. వారు మనకంటె కలవారు కారు. అప్పు ఇచ్చు కొట్టునకు బానిసలై యుండుటను ఎరిగినవారు గనుకనే అట్లు చేసిరి. లోకమందంతట వ్యాపించిన సహకార సంఘములలో అనేకములు ఆ చిన్నకొట్టు నియమములను అనుసరించినవి.

మన రాష్ట్రమందును ప్రయత్నములు జరిగినవి. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారులు దళారి లేకుండ కూరగాయలు అమ్ముకొనుటకు రైతులకు త్రోవ చూపినవి. 2017 డిసెంబరులో చౌకధరల దుకాణములను చంద్రన్న విలేజి మాల్సుగా మార్చుటకు పెద్ద సంస్థలతో కలిసి ప్రభుత్వము ప్రయత్నించెను. 2021లో రేషను బియ్యము బండ్లమీద వీధులకు వచ్చెను, 2025 జూను 1 నుండి మరల కొట్టునకే వెళ్లి తెచ్చుకొనుచున్నాము. వచ్చినవి, పోయినవి. మన కొట్టమ్మ కొట్టు మాత్రము, ఆమె భర్త చనిపోయిన తరువాత పొదుపు సంఘములో తీసికొనిన అప్పుతో మొదలై, ఇంకను తెరచియున్నది. షాహుకారు అరుగు క్రింద నిలిచినవారి మనుమరాలు తానే త్రాసు పట్టుకొనినది. దీనిని నేను చిన్నసంగతిగా ఎంచను.

ఇప్పుడు ఆ సహోదరికి నేనిచ్చిన జవాబు. టౌనులో కొనుట పాపము కాదని చెప్పితిని. కుమారుడు చెమటోడ్చి పంపిన డబ్బును జాగ్రత్తగా ఖర్చుపెట్టుట తల్లికి తగిన పనియే. దేవుడు ధర తక్కువను శపింపలేదు. కాని ఒక ప్రశ్న అడిగితిని: “కొట్టమ్మ పుస్తకంలో నీ పేరు మీద ఎంతుందమ్మా?”

ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “పద్దెనిమిది వందలయ్యగారూ. పోయిన ఏడాదిది” అనెను.

అక్కడ నాకు సంగతి అర్థమాయెను. రొక్కము టౌనుకు పోవుచున్నది, అప్పు పాలెములో నిలుచుచున్నది. కష్టకాలమున ఆమె కొట్టు, కలిమి వచ్చినప్పుడు వారి కొట్టు. ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దని పౌలు రోమీయులకు వ్రాసెను. దానిని మనము స్వర్గసంబంధమైన అప్పులను గూర్చిన ప్రసంగముగా మార్చివేసి, నూనె మరకల పుస్తకమును మరచితిమి. ఆ విధవరాలు తల త్రిప్పుకొనినది సంచులను చూచి కాదు. ఆ సంచులలో తన పద్దెనిమిది వందలు పోవుట చూచి.

నేను ఆమెకు ఉపదేశము చేయుచుండగానే, ప్రేమవిందు సరుకులును ఆ చుట్టు త్రోవయు నా కన్నుల యెదుట నిలిచెను. కోతపండుగకు కొట్టమ్మ యొద్ద ప్రతి సంవత్సరము చందా వ్రాసికొనుచున్నాము. ఆమె ఏనాడును లేదనలేదు. సంఘము ఆమెయొద్ద ఒక చక్కెర పొట్లమైనను కొనలేదు. ఈ సంగతిని సంఘపెద్దల యెదుట పెట్టితిని. ఒక పెద్ద, “ధర ఎక్కువైతే సంఘం డబ్బు నష్టం కాదా?” అని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే; బీదల కానుకలు పెట్టెలో పడినవి గదా. పప్పు, నూనె ఆమెయే టోకున తెప్పించునట్లు ఒక నెల ముందుగా రొక్కమిత్తుమనియు, ఆమె తన లాభమును మనయెదుట చెప్పి తీసికొనవలెననియు నిశ్చయించితిమి. ఇది ఎంతవరకు సాగునో చూడవలెను. ఇద్దరు పెద్దలు ఇంకను ఒప్పుకొనలేదు.

మరుసటి దినము సాయంకాలము ఆ సహోదరితో కూడ నేనును కొట్టునకు పోతిని. ఆమె పద్దెనిమిది వందలలో వెయ్యి బల్లమీద పెట్టెను. కొట్టమ్మ పుస్తకము తీసి, వ్రేలు పెట్టి వరుసగా చదివెను. ఒక కిలో చింతపండు దగ్గర ఇద్దరికిని మాట వచ్చెను. “అది నేను తీసకపోలేదు వదినా.” “నీ కోడలు తీసకపోయింది, అడుగు.” “మరి నాకెవరు చెప్పారు?” నేను నడుమ కలుగజేసికొనబోతిని గాని, “మీరుండండయ్యగారూ” అని ఇద్దరును నన్ను ఊరకుండుమనిరి. అంతలో ఒక పిల్ల సీసా తెచ్చి బల్లమీద పెట్టి పది రూపాయల బిళ్ల ప్రక్కన ఉంచెను. కొట్టమ్మ పుస్తకమును బోర్లించి, గరాటు తీసి, నూనె పోయసాగెను.